మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి చపాతీ మెత్తగా ఉండాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు తెనాలి నుంచి పెళ్లయి మహారాష్ట్రలోని ధర్మాబాద్ వచ్చి 8 నెలలైంది. మీవారు పొద్దున్నే రైల్లో నాందేడ్ వెళ్తారు కాబట్టి 7 గంటలకల్లా డబ్బా కట్టాలి. పొయ్యి మీద బుడగలా పొంగిన పుల్కా ఒంటిగంటకు తినబోతే అప్పడంలా విరుగుతోంది. పాలు పోసి చూశారు, పెరుగు కలిపి చూశారు, చివరికి సోడా కూడా వేశారు. పక్కింటి మరాఠీ వదిన చేసిన పోళీ (చపాతీని వాళ్లు అలా అంటారు, మన బొబ్బట్టు కాదు) మాత్రం సాయంత్రానికి కూడా మెత్తగానే ఉంటోంది. "నా చేతిలోనే ఏదో లోపం ఉన్నట్టుంది, పొద్దున లేస్తే ఇదే టెన్షన్" అని రాశారు. చివర్లో మీ అత్తయ్యగారు కొట్టే జొన్న రొట్టె కూడా నేర్చుకోవాలని ఉందన్నారు.

మీ చేతిలో లోపం లేదమ్మా. నేను ధర్మాబాద్‌లోనే పుట్టి పెరిగాను. 22 ఏళ్లుగా ఇంటి నుంచే పోళీ-భాజీ, అంటే చపాతీ-కూర డబ్బాలు పంపుతున్నాను. కోస్తా నుంచి ఇటు కోడళ్లుగా వచ్చిన అమ్మాయిలు చాలామంది నా దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. వాళ్లందరూ మొదట మీలాగే చేసేవారు. పుల్కా బాగానే చేస్తారు, దాన్ని తీసుకెళ్లి డబ్బాలో పెడతారు. పుల్కా పెనం మీంచి కంచంలోకి వచ్చీరాగానే తినాల్సింది. 6 గంటల తర్వాత తినేదానికి ఇక్కడి వాళ్లు వేరే రొట్టె చేస్తారు. మీ పక్కింటి వదిన చేసేది అదే, మడతల పోళీ. మరాఠీలో 'ఘడీచీ పోళీ' అంటారు, ఘడీ అంటే మడత. మీరు నేర్చుకోవాల్సింది అది.

తేడా ఎక్కడుందో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతావన్నీ మీకే తోస్తాయి. పుల్కా పొంగినప్పుడు రెండు పలుచటి పొరలుగా విడిపోతుంది. లోపల నూనె ఉండదు, పైగా నేరుగా మంట మీద కాలుస్తాం. ఉన్న తడిలో చాలా భాగం ఆవిరై పోతుంది. మిగిలిన కాస్త తడిని పట్టి ఉంచడానికి లోపల ఏమీ లేదు. పోళీలో అయితే పొర పొరకీ మధ్య నూనె తడి ఉంటుంది, పెనం మీదే కాలుతుంది, కాలాక పైన కూడా కాస్త నూనె రాస్తాం. అందుకని తడి అంత త్వరగా పోదు.

ఇంకో సంగతి కూడా ఉంది. తడి పోకపోయినా చపాతీ గట్టిపడుతుంది. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీస్తే మెతుకు బిరుసెక్కి ఉంటుంది కదా, వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఉడికిన పిండి పదార్థం చల్లారేకొద్దీ మళ్లీ గట్టిగా అల్లుకుంటుంది, ఫ్రిజ్ చల్లదనంలో అది మరీ త్వరగా జరుగుతుంది. అందుకే రాత్రే చపాతీలు చేసి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున డబ్బాలో సర్దే పని మాత్రం పెట్టుకోకండి. తప్పనిసరైతే ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున పెనం మీద వేడి చేయండి, అది నయం.

ఇక పిండి. ఇక్కడ మనకున్న అదృష్టం వీధి వీధికీ గిర్ని, అంటే పిండి మర. గోధుమలు కొని పట్టించుకోండి. మా వైపు ఎక్కువగా దొరికేది లోక్‌వన్. గుజరాత్‌లో సణోసరా అనే ఊళ్లోని లోక్‌భారతి సంస్థ తయారు చేసిన 'లోక్-1' రకం అది, జనం నోట లోక్‌వన్ అయింది. రోజువారీ పోళీకి నేను అదే వాడతాను. మధ్యప్రదేశ్ సీహోర్ వైపు నుంచి వచ్చే శరబతి ఇంకా బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. బన్సీ గోధుమ రవ్వకు మంచిది, పోళీకి వద్దు.

గిర్నిలో ఒక్క మాట అడగండి. మీకంటే ముందు ఏం పట్టారు? జొన్నలు గానీ శనగపప్పు గానీ పట్టాక వెంటనే మీ గోధుమలు పోస్తే రాళ్ల మధ్య మిగిలింది మీ పిండిలో కలుస్తుంది. వాటికి గోధుమకున్న సాగే గుణం లేదు. కలిసింది కొంచెమే అయినా రొట్టె అంచులు చీలుతుంటాయి. గోధుమల తర్వాతే గోధుమలు పట్టమని అడిగితే ఏ గిర్నివాళ్లూ కాదనరు. మెత్తగా పట్టించండి. ఇంటికి తెచ్చాక పిండి వేడిగా ఉంటుంది, వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టకుండా పాత చీర మీద పరిచి చల్లారనివ్వండి. జల్లెడ పట్టినప్పుడు పెద్ద పొట్టు మాత్రం తీసేయండి, ఆ గరుకు ముక్కలే పలుచటి రొట్టెను చీలుస్తాయి. సన్న పొట్టు ఉండనివ్వండి, ఒంటికి మంచిది. ప్యాకెట్ పిండి వాడినా నష్టం లేదు, కాకపోతే కంపెనీ మారినప్పుడల్లా నీళ్ల లెక్క మారుతుందని గుర్తుంచుకోండి.

మైదా కలపమని ఎవరైనా చెప్తే వినకండి. వేడిగా ఉన్నప్పుడు బాగా సాగుతుంది, చల్లారితే రబ్బరులా నములుతూ కూర్చోవాలి.

నాకు పోళీ నేర్పింది మా ఇంటి వెనక ఉండే ఒక మరాఠీ కాకూ (పిన్ని వరసావిడ). మా చిన్నప్పుడు ఈ వైపు ఇళ్లలో రోజూ తినేది జొన్న రొట్టే, గోధుమ పోళీ పండగకో చుట్టాలొస్తేనో చేసేవాళ్లు. కాకూ పక్కన కూర్చుంటే ఆమె నా చేతిలోని ముద్దను వేలితో నొక్కి ప్రతిసారీ ఒకటే మాట అనేది, "కణీక్ మఊ పాహిజే". ముద్ద మెత్తగా ఉండాలి అని. ఆమె చెప్పిన మెత్తదనం నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. మీరు కూడా ముద్ద గట్టిగానే కలుపుతూ ఉండుంటారు, ఎందుకంటే గట్టి ముద్ద పీటకు అంటుకోకుండా గుండ్రంగా వస్తుంది. కొత్తవాళ్లకు అది సుఖం. కానీ పిండిలో లేని నీళ్లు రొట్టెలోకి ఎక్కడి నుంచి వస్తాయి?

లెక్క ఇదిగో. 250 గ్రాముల పిండికి 175 మిల్లీలీటర్ల నీళ్లు. గిర్నిలో రాళ్ల మధ్య నలిగిన పిండి నీళ్లు ఎక్కువే తాగుతుంది, అందుకని ఇంకో 10 మిల్లీలీటర్లు పక్కన పెట్టుకోండి. ముందు పావు చెంచా ఉప్పు పిండిలో కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి, పొడి కనపడకుండా ఊరికే దగ్గరకు చేయండి. పిసకొద్దు. తడిగుడ్డ కప్పి 10 నిమిషాలు వదిలేయండి. ఈ 10 నిమిషాలు చాలా ముఖ్యం. పొట్టు నీళ్లు మెల్లగా పీల్చుకుంటుంది. మీరు వెంటనే పిసికితే అప్పుడు మెత్తగా అనిపించిన ముద్ద అరగంటకు గట్టిపడేది అందుకే. తర్వాత మిగిలిన నీళ్లు చేతికి అద్దుకుంటూ 5, 6 నిమిషాలు అరచేతి మడమతో నెట్టి, మడిచి, మళ్లీ నెట్టండి. మొదట చేతికి అంటుకుంటుంది, అప్పుడు పొడి పిండి చల్లాలనిపిస్తుంది. చల్లకండి. ఓపిక పడితే అదే వదులుతుంది. ఆఖరున ఒక చెంచా నూనె. నూనె మొదట్లోనే పోస్తే పిండికి పట్టేసి నీళ్లు పీల్చనివ్వదు. ముద్ద చెవి తమ్మెలా ఉండాలి, వేలితో నొక్కితే గుంట మెల్లగా పైకి రావాలి. మూత పెట్టి 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టండి. నానని ముద్దను ఒత్తితే రొట్టె వెనక్కి ముడుచుకుపోతుంది, దాన్ని బలవంతంగా నొక్కుతాం, ఒకచోట పలుచగా ఒకచోట మందంగా వస్తుంది.

పొద్దున అంత సమయం లేదంటారేమో. రాత్రే కలిపి, పైన నూనె రాసి, గాలి చొరకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చపాతీని ఫ్రిజ్‌లో పెట్టొద్దన్నాను కానీ పచ్చి ముద్ద పెడితే ఇబ్బంది లేదు. గాలి తగిలితే పైన నల్లగా అవుతుంది, నూనె రాసేది అందుకే. పొద్దున లేవగానే బయట పెట్టండి, స్నానం చేసి వచ్చేసరికి సరిపోతుంది. మే నెలలో ఇక్కడి ఎండలు మీకు ఇంకా తెలియవు. అప్పుడు ముద్దను బయట ఉంచితే జారిపోతుంది, పులిసిపోతుంది కూడా. కుండ నీళ్లతో కలపండి. చలికాలంలో గోరువెచ్చని నీళ్లు.

పాలూ పెరుగూ మెత్తదనం ఇస్తాయి, కాదనను. పాలతో కలిపినవి ప్రయాణాలకు చేస్తాం. కానీ నీళ్లు తక్కువైన ముద్దను పాలు కాపాడలేవు. పెరుగు ఎండాకాలం డబ్బాలో పులుపెక్కుతుంది. సోడా అసలు వద్దు. రొట్టె పసుపు రంగుకు తిరుగుతుంది, వాసన వస్తుంది, మెత్తదనం వేడిగా ఉన్నంతసేపే. వీటికంటే మంచి ఉపాయం చెప్తాను. కలిపే నీళ్లలో సగం బాగా వేడి నీళ్లు పోయండి. గరిటెతో తిప్పి, వేడి తగ్గాక మిగతావి మామూలు నీళ్లు. వేడికి పిండిలో కొంత భాగం అక్కడే ఉడికి ఎక్కువ నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. డబ్బా రొట్టెకు ఇది బాగా పనిచేస్తుంది. మొత్తం వేడి నీళ్లతో మాత్రం కలపకండి, సాగదు.

ఇప్పుడు పోళీ. పైన చెప్పిన ముద్దను 9 ఉండలు చేయండి, పుల్కాకైతే 12. ఒక ఉండను పూరీ అంత ఒత్తండి. మీద అర చెంచా నూనె వేలితో అంచుల దాకా రాయండి, దాని మీద చిటికెడు పొడి పిండి చల్లండి. ఈ చిటికెడు లేకపోతే మడతలు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సగానికి మడవండి. మళ్లీ కాస్త నూనె, చిటికెడు పిండి, మళ్లీ సగానికి. తమలపాకు చిలకలా మూడు మూలల ముక్క వస్తుంది. దాన్ని అలాగే ఒత్తితే ముక్కోణపు పోళీ అవుతుంది, మూలలను మెల్లగా గుండ్రంగా లాగుతూ ఒత్తితే గుండ్రంగా వస్తుంది. మీరు మొదటి నెల ముక్కోణమే చేయండి. గుండ్రంగా రావాలని మధ్యలో గట్టిగా నొక్కితే పొరలు కలిసిపోతాయి, అప్పుడు మడత పెట్టిన శ్రమంతా వృథా. రుచి ఆకారంలో లేదు.

ఒత్తడంలో కర్ర మధ్యలో తేలిగ్గా, అంచుల దగ్గర కాస్త బరువుగా నడవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. మధ్య కాగితంలా అవుతుంది, అంచు బొద్దుగా మిగిలిపోతుంది, ఆ అంచే మధ్యాహ్నానికి గట్టిపడి పంటికి తగులుతుంది. పోళీ 20 సెంటీమీటర్ల వెడల్పు వస్తే మందం ఒకటింపావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, అంతకంటే పలుచన అక్కర్లేదు. పొడి పిండి రెండుసార్లు అద్దితే చాలు. మూడోసారి కావాలనిపిస్తే ముద్ద జారుగా ఉన్నట్టు, లేదా చెయ్యి బరువుగా పడుతున్నట్టు. రొట్టెకు అంటుకున్న పొడి పిండి పెనం మీద మాడి, రొట్టె తడిని కూడా పీల్చేస్తుంది. పెనం మీద వేసే ముందు రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తట్టి దులపండి. ఒత్తినవి వరుసగా పరిచి పెట్టకండి, పైన ఆరిపోతాయి. ఒకటి కాలుతుండగా ఇంకోటి ఒత్తాలి. ఇప్పుడే చేతకాకపోతే 3 ఒత్తి గుడ్డ కప్పుకోండి, అంతకు మించి వద్దు.

పెనం దగ్గర మీరు చేస్తున్న తప్పు మీ ఉత్తరంలోనే ఉంది. "మాడకుండా సిమ్‌లో పెట్టి బాగా కాలుస్తాను" అని రాశారు. చిన్న మంట మీద రొట్టె కాలదు, ఎండుతుంది. రెండు నిమిషాలు పెనం మీద కూర్చున్న రొట్టెలో తడి ఎలా మిగులుతుంది? పెనం బాగా వేడెక్కాలి. చిటికెడు పొడి పిండి వేసి చూడండి. 5, 6 సెకన్లలో గోధుమ రంగుకు వస్తే సరిగ్గా ఉంది. వేయగానే నల్లబడి పొగ వస్తే ఎక్కువైంది, మంట తగ్గించి తడిగుడ్డతో ఒకసారి తుడవండి. పెనం ఇనుపదే వాడండి, కాస్త మందంగా ఉండాలి. పలుచటి పెనం ఒక రొట్టె వేయగానే చల్లబడిపోతుంది. నాన్‌స్టిక్ పెనాన్ని అంత వేడి చేయకూడదు, దోసెలకు ఉంచుకోండి.

మొదటి వైపు 10 నుంచి 15 సెకన్లు. రంగు మారి, చిన్న చిన్న బుడగలు కనపడగానే తిప్పండి, మచ్చలు పడేదాకా ఆగొద్దు. రెండో వైపు 30 సెకన్లు. మళ్లీ తిప్పి గుడ్డతో అంచుల వెంట మెల్లగా నొక్కితే పోళీ పొంగుతుంది. పొంగగానే అర చెంచా నూనెనో నెయ్యినో రాసి, తిప్పి, 5 సెకన్లు ఉంచి తీసేయండి. మొత్తం ఒకటింపావు నిమిషంలోపే అయిపోవాలి. తీయగానే రెండు చేతులతో అంచులు పట్టి మధ్యలోకి ఒక్కసారి నలిపినట్టు తట్టండి. పొరలు విడిపోతాయి, లోపలున్న ఆవిరి పొరలన్నిటికీ పాకుతుంది. చెయ్యి కాలుతుంది, పొడిగుడ్డ పట్టుకుని చేయండి.

సాయంత్రం మీవారు ఇంటికొచ్చాక పుల్కా చేసి పెట్టండి, అది వేడివేడిగా తినేటప్పుడు దాన్ని మించింది లేదు. ముద్ద ఇదే, మడతలుండవు, 16, 17 సెంటీమీటర్ల వెడల్పు ఒత్తితే చాలు. మొదటి వైపు కొద్దిగా, రెండో వైపు మచ్చలు పడేదాకా, తర్వాత పట్కారుతో మంట మీద మొదటి వైపు కిందికి పెట్టండి. లోపలి నీళ్లు ఆవిరై పొరలను విడదీస్తాయి. ఎక్కడైనా చిన్న చిల్లు పడినా, ఒత్తేటప్పుడు మడత పడినా ఆవిరి అక్కడి నుంచి పోయి పొంగదు. పొంగని పుల్కా పాడైనట్టు కాదు, కంగారుపడి ఇంకా మంట మీద ఉంచితేనే పాడవుతుంది.

డబ్బా సర్దడం గురించి నాకు బాగా తగిలిన దెబ్బ ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఒక బారసాలకు 150 పోళీలు ఒప్పుకున్నాను. వేడి తగ్గకూడదని కాల్చినవి కాల్చినట్టు పెద్ద స్టీల్ డబ్బాలో వేసి మూత బిగించాను. అక్కడికెళ్లి తెరిస్తే మూతకు పట్టిన ఆవిరి నీళ్లై కారి, పైనవి తడిసి, కిందివి ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో వాళ్లు మంచివాళ్లు, వాళ్ల వంటింట్లోనే మళ్లీ పిండి కలుపుకోనిచ్చారు. అప్పటి నుంచి కాల్చిన పోళీని వెదురు బుట్టలో నూలు గుడ్డ పరిచి అందులో వేస్తున్నాను. వెదురు ఆవిరిని బయటికి పోనిస్తుంది, గుడ్డ మిగతా తడిని పట్టి ఉంచుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డ చివరలు కప్పేయండి. ఆఖరిది కాల్చాక 5 నిమిషాలాగి, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతున్నప్పుడు, నాలుగుగా మడిచి, పలుచటి నూలు గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. పూర్తిగా చల్లారేదాకా బయట వదిలేయడం కూడా తప్పే, అప్పుడు అంచులు ఆరిపోతాయి. కూర వేరే గిన్నెలో పంపండి. మిరపకాయలకు పేరున్న ధర్మాబాద్‌లో ఉన్నారు కాబట్టి వారానికోసారి పోళీతో కాస్త ఠేచా (మిరపకాయలు దంచి చేసే పచ్చడి) కూడా పెట్టండి, మీవారు సంతోషిస్తారు.

ఒక్కరోజులో అన్నీ మార్చకండి. మొదటి వారం నీళ్ల లెక్క, పెనం వేడి, ఈ రెండే చూసుకోండి. సగం తేడా అక్కడే కనపడుతుంది. మడతలు ఆదివారం తీరిగ్గా మొదలుపెట్టండి, వీలైతే పక్కింటి వదినను పక్కన కూర్చోబెట్టుకుని. ఆమె చేతి కదలిక చూస్తే నేను రాసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. అడిగితే ఆమె ఎంత సంతోషంగా చూపిస్తారో చూడండి.

జొన్న రొట్టె సంగతి వేరు. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు, ఎంత పిసికినా సాగదు. అక్కడ జిగురు వేడి నీళ్ల వల్ల రావాలి. ఒక గ్లాసు పిండికి ముప్పావు నుంచి గ్లాసు దాకా మరిగే నీళ్లు పోసి, గరిటెతో తిప్పి, చెయ్యి పట్టగలిగే వేడికి రాగానే పిసకాలి. మొత్తం ఒకేసారి పిసికి పెట్టుకోవద్దు. ఒక రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని, చెయ్యి తడి చేసుకుంటూ, పగుళ్లు పోయేదాకా అరచేతి మడమతో రాపాడించి అప్పటికప్పుడే కొట్టాలి. పిండి కొత్తది కావాలి, పాత పిండితో అంచులు విరుగుతాయి. 15 రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి. మాలదండి జొన్న దొరికితే అదే తీసుకోండి, రొట్టె తెల్లగా, తియ్యగా వస్తుంది. మొదట్లో చపాతీ కర్రతో మెల్లగా ఒత్తినా ఫరవాలేదు, అత్తయ్యగారు ఏమీ అనుకోరు.

పెనం మీద వేసేటప్పుడు పొడి పిండి ఉన్న వైపు పైకి రావాలి. వెంటనే తడి చేత్తో పైనంతా నీళ్లు రాయండి, ఒక్క చోట కూడా పొడి మిగలకూడదు. ఆ నీళ్లు ఆరీ ఆరకముందే తిప్పాలి. పూర్తిగా ఆరిపోతే పగుళ్లు వస్తాయి, మరీ తడిగా తిప్పితే పెనానికి అంటుకుంటుంది. రెండో వైపు బాగా కాలాక మంట మీద పెడితే అది కూడా పుల్కాలాగే పొంగుతుంది. అత్తయ్యగారు కొట్టేటప్పుడు రొట్టెను కాదు, కింద పీటను చూడండి. అరచేతి దెబ్బ దెబ్బకూ రొట్టె తనంతట తానే కొంచెం కొంచెం తిరుగుతుంటుంది. ఆ తిరగడం ఆగిందంటే కింద పొడి పిండి అయిపోయినట్టు. అప్పుడు ఆవిడ అంచు ఎత్తి ఇంకాస్త చల్లి, మళ్లీ కొట్టడం మొదలుపెడతారు.